చిల్లుల డబ్బా, ఎనిమిది లోటాలు

ఆ రోజుల్లో బావి నీళ్లు కొబ్బరి నీళ్లలా ఉండేవని నా వయసు వాళ్లంతా చెబుతుంటారు. వాళ్ల బావుల సంగతి నాకు తెలియదు. మా అత్తగారింటి బావి నీళ్లు మాత్రం నేను కాపురానికి వెళ్లిన ఏడాది కంపు కొట్టేవి. ఇది జ్ఞాపకం మీద చెప్పడం లేదు, డైరీ చూసి చెబుతున్నాను. నాకు చిన్నప్పటి నుంచీ లెక్కల పిచ్చి. వికారాబాదులో మా పుట్టింటి గుమ్మం నుంచి రైల్వే స్టేషన్ దాకా ఎన్ని అడుగులో ఇప్పటికీ చెప్పగలను (పదకొండు వందల నలభై, చెప్పులు కొత్తవైతే ఇంకో ఇరవై). పెళ్లిచూపుల్లో ఏం చదివావని అడిగితే "బీఎస్సీ, అరవై ఏడు పాయింట్ నాలుగు శాతం" అని చెప్పిన మనిషిని. తల వంచుకుని ఉన్నాను కాబట్టి మా అత్తమ్మ నవ్వడం చూడలేదు. తర్వాత ఆమే చెప్పింది. "ఆ పాయింటు నాలుగు ఇడిషిపెడ్తె ఏం బోయె పిల్లకు అనుకున్న. గప్పుడే ఖాయం జేసిన, గీ పిల్లనే గావాలె అని."

తాండూరులో మా అత్తగారిల్లు ముందు దుకాణం, వెనక కాపురం. కందిపప్పు వ్యాపారం. రెండింటికీ మధ్య పెద్ద ఆవరణ. అందులో పొద్దున ఎనిమిది నుంచి దీపాలు పెట్టే వేళదాకా హమాలీలు బస్తాలు తూస్తూ, మోస్తూ ఉండేవాళ్లు. ఆవరణకు ఇటు కొసన మా వెనక వసారా, దాని పక్కనే బావి. అటు కొసన, మూడు మెట్లు ఎక్కి పోవలసిన మరుగుదొడ్డి. వసారా నుంచి అక్కడికి డెబ్బై రెండు అడుగులు. (కొత్త కోడలు లెక్కపెట్టవలసిన విషయమా ఇది అని అడగకండి. వెళ్లిన మూడో రోజే లెక్కపెట్టాను, రాసుకున్నాను. ఆ అంకె పక్కన ఇంకేమీ రాసుకోలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.)

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. జనవరి ఆఖరుకు బావి అడుగంటింది. మామయ్య మనుషులను పెట్టించి, అడుగున ఉన్న బండను మందు పెట్టి పగలగొట్టించి, బావిని ఇంకో ఆరు గజాలు దించారు. నీళ్లు పడ్డాయి. ఫిబ్రవరి పదమూడున కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ వేసి, మొదటి బిందె చేదారు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడ్డాం. బిందె పైకి రాగానే ఇంటిల్లిపాదీ వెనక్కి జరిగాం.

"మందుగుండు వాసన. నాలుగొద్దులైతె అదే పోతది," అన్నారు మామయ్య, ముక్కు మూసుకునే.

"మందు గాదు. అండ్ల ఎలుక సచ్చినట్టుంది," అంది అత్తమ్మ.

మా ఆయన బిందె మీదికి వంగి, బాగా పీల్చి, నిపుణుడిలా తల ఆడించారు. "ఎలుక గాదే అమ్మా. మురిగిపోయిన కోడిగుడ్డు వాసన."

ఆవరణలో తూకం ఆగిపోయింది. ఆ ఇంట్లో గుడ్డు అన్న మాట నోటితో పలికిన వాళ్లు అంతకు ముందు లేరు. అత్తమ్మ కొడుకు వైపు నెమ్మదిగా తిరిగింది. "నీకెట్ల తెలుసురా?"

"హాస్టల్ల... పక్క రూముల..."

"పక్క రూములనా, నీ పళ్లెంలనా?"

"వాసనకు గోడలుంటయా అమ్మా?" అన్నారు మా ఆయన. మామయ్య గట్టిగా దగ్గి, దుకాణంలో ఎవరో పిలిచినట్టు వెళ్లిపోయారు. (ఎవరూ పిలవలేదు. మామయ్య కూడా కొన్నాళ్లు హైదరాబాదు హాస్టల్లో ఉన్నారని నాకు తర్వాత తెలిసింది.)

నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో ఆ వాసనను శాస్త్రీయంగా ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. గుడ్డు వాసన నాకు తెలియదు, మురిగినదీ మురగనిదీ కూడా. కానీ కాలేజీ ల్యాబులో ఒక గాజు పరికరం ఉండేది, అందులోంచి ఈ వాయువే వచ్చేది. "మురిగిన కోడిగుడ్డు వాసన గలది" అని పరీక్షలో రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాను. ఇన్నాళ్లకు మా బావిలోకి తొంగి చూసి, అయితే గుడ్డు ఇలా ఉంటుందన్నమాట అనుకున్నాను. వాసన ఒక్కటే కాదు. చేదినప్పుడు తేటగా ఉన్న నీళ్లు గంట గడిచేసరికి ఎర్రబడేవి. మా ఆయన తెల్ల బనీన్లు వారానికి ఇటుక రంగుకు వచ్చాయి. ఎదురింటి వదిన బిందె పట్టుకుని రావడం మానేసింది. మానేస్తే మానేసింది, "శావుకారి ఇంట్ల గుడ్లు ఉడుకుతున్నయంట" అని బజారంతా చెప్పింది.

ఇదంతా నవ్వుకుని ఊరుకోవలసిన సంగతే, అత్తమ్మకు అదే నెలలో నడుము నొప్పి రాకపోయి ఉంటే. ఫిబ్రవరి ఇరవైన వికారాబాదు తీసుకెళ్లి చూపించాం. డాక్టరు మూత్రపిండంలో రాళ్లున్నాయన్నాడు. "తాండూరుల ఏడ దవ్వినా బండనే ఎల్తది సార్. ఇగ ఈమె కడుపుల లేకుంటె ఎట్ల?" అన్నారు మామయ్య. డాక్టరు నవ్వలేదు. రోజుకు ఎనిమిది లోటాల నీళ్లు తాగాలి, తక్కువైతే రాయి కదలదు, రాయి అడ్డుపడి జ్వరం పట్టుకుందంటే మనిషికే ప్రమాదం అన్నాడు. నేను డైరీ తీసి "ఎనిమిది" అని రాసి కింద గీత గీశాను. ఇంటికి వచ్చి లోటాను పక్క దుకాణంలోని నూనె కొలతతో కొలిచాను. నాలుగు వందల మిల్లీలీటర్లు.

చిక్కు ఏమిటంటే ఆమె అప్పటికి తాగుతున్నది రోజుకు రెండు. కంపు నీళ్లు ఎవరు తాగుతారు? నల్లా నీళ్లు తాగమంటే ససేమిరా. "ఆ నల్లా లోపల తోలు బిళ్ల ఉంటది బిడ్డా. తోలు కడిగిన నీళ్లు నేను తాగ. కంపైనా కాటైనా మన బావే."

ఆ ఇంట్లో బీఎస్సీ చదివిన మనిషి ఎందుకుందో నిరూపించే సమయం వచ్చిందని నాకు అనిపించింది. పాఠంలో ఉన్నది ఇంతే. నీళ్లను సన్నటి ధారలుగా చీల్చి ఎత్తు నుంచి పడనివ్వాలి. పడుతున్నప్పుడు గాలి తగిలి కంపు వాయువు ఎగిరిపోతుంది. నీళ్లలో కరిగి కనబడకుండా ఉన్న ఇనుము ఆ గాలికే తుప్పుగా మారి అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటను ఇసుకలో వడకడితే మంచినీళ్లు. పాఠంలో లేనిది ఏమిటంటే, చిల్లులు దేనికి పెట్టాలి అన్నది. నేను కొత్త కుండ తెచ్చి, మేకుతో ముప్పై చిల్లులు పెట్టి, వసారా దూలానికి కట్టి నీళ్లు పోశాను. ధారలు చక్కగా పడుతున్నాయి. అత్తమ్మ పూజ ముగించుకుని బయటికి వచ్చింది, చూసింది, గడప మీదే కూలబడింది.

"వామ్మో! ఇంట్ల చిల్లుల కుండ గట్టినవా! ఎవలు సచ్చిండ్రే?"

అప్పుడు గుర్తుకొచ్చింది నాకు, చిల్లుల కుండ ఎక్కడ, ఎవరి భుజం మీద, దేని చుట్టూ తిరుగుతుందో. ముప్పై చిల్లులు లెక్కపెట్టినదాన్ని ఆ ఒక్క సంగతి ఆలోచించలేదు. ఆ కుండ బద్దలైంది, ఇద్దరం తలంటు పోసుకున్నాం, మామయ్య భోజనం గంటన్నర ఆలస్యమైంది. నేను వంటింటి మూల ఏడుస్తూ కూర్చుంటే అత్తమ్మే తడి తలతో వచ్చి పక్కన కూర్చుంది. కాసేపు ఆలోచించి తనే తీర్పు చెప్పింది. "మన్ను మనుషులకు. లోహం దేవునికి. శివుని నెత్తి మీద చిల్లు చెంబు ఉండదా? నువ్వు డబ్బాకు వెట్టుకో చిల్లులు. ఎన్నన్న వెట్టుకో."

పల్లీనూనె డబ్బా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అడుగున అడ్డం తొమ్మిది, నిలువు తొమ్మిది, మొత్తం ఎనభై ఒక్క చిల్లులు. అరచేతులు బొబ్బలెక్కాయి. బావి పక్కన దూలానికి పాత తరాజు కొక్కెం ఒకటుంటే డబ్బాను దానికి తగిలించాను. మామయ్య పరుగున వచ్చారు. "పప్పు తూసె కొక్కేనికి నీళ్ల డబ్బానా! గిరాకి జూస్తె ఏమనుకుంటడు?"

"నీళ్లు గూడ తూసి అమ్ముతున్నరనుకుంటడు. మీరు వోండ్రి జర," అంది అత్తమ్మ.

మొదటి రోజు పడిన నీళ్ల మీద నూనె చుక్కలు తేలాయి. మామయ్య ఒక గుక్క తాగి, "కంపు వోయింది. పోపు ఒక్కటే తక్కువ," అన్నారు. డబ్బాను బూడిదతో రెండుసార్లు, కుంకుడుకాయలతో రెండుసార్లు తోమాను. తర్వాత మా ఆయన రోజూ స్టూలెక్కి ఆరు బిందెలు ఎత్తి పోసేవారు. (హాస్టలు పాపం కడుక్కుంటున్నాడని అత్తమ్మ అనేది.) కింద పెద్ద గంగాళంలో నీళ్లు పడి, ఎర్రబడి, తెల్లారేసరికి ఎరుపంతా అడుగుకు దిగేది. పైతేటను ఇసుక పోసిన ఇంకో డబ్బాలో వడకట్టేదాన్ని. మార్చి ఒకటో తేదీ పొద్దున మొదటి లోటా అత్తమ్మ చేతికిచ్చాను. ఆవరణలో అందరూ చూస్తున్నారు. ఆమె లోటా ఎత్తి, గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది. "తియ్యగున్నయి," అంది.

నా జీవితంలో అంతకంటే గొప్ప ఫస్టు క్లాసు లేదు. ఎదురింటి వదిన మూడో రోజే బిందెతో వచ్చింది. బజారులో నాకు "చిల్లుల కోడలు" అని పేరు పడింది, నేను దాన్ని పతకంలా మోశాను. పొద్దున్నే ఎనిమిది లోటాలు కొలిచి ఇత్తడి బిందెలో పోసి అత్తమ్మ దగ్గర పెట్టేదాన్ని. సాయంత్రం బిందె బోర్లించి ఉండేది. నేను డైరీ పట్టుకుని నిలబడేదాన్ని.

"ఎన్నయినయి అత్తమ్మా?"

"ఎనిమిది బిడ్డా."

మార్చి ఒకటి, ఎనిమిది. మార్చి రెండు, ఎనిమిది. ఆ పేజీలు చూడముచ్చటగా ఉంటాయి, ఒక్క కొట్టివేత కూడా ఉండదు. ఏప్రిల్లో ఎండలు ముదిరి పెరట్లో ప్రతి మొక్కా వాడిపోయింది, వసారా అంచున ఉన్న కరివేపాకు ఒక్కటే చిగుళ్లు తొడిగింది. గంగాళం కడిగిన నీళ్లు అటు పారుతున్నాయి కాబోలు అనుకుని, "గాలి తగిలిన నీటి వల్ల మొక్కకు మేలు, కొత్త చిగుళ్లు పద్నాలుగు" అని కూడా రాసుకున్నాను. అటు పారడానికి వాలు లేదని చూడలేదు. చదువుకున్నదాన్ని కదా.

ఏప్రిల్ ముప్పై మధ్యాహ్నం వంట పని తొందరగా అయింది. కిటికీలోంచి వసారా కనబడుతోంది. అత్తమ్మ అంచున కూర్చుని ఉంది. అటూ ఇటూ చూసింది. లోటా నింపింది, చెయ్యి చాపి కరివేపాకు మొదట్లో మెల్లగా వంచింది. తర్వాత ఖాళీ లోటా పక్కన పెట్టి, తాగిన మనిషిలా కొంగుతో మూతి తుడుచుకుంది. ఎవరూ చూడకపోయినా తుడుచుకుంది.

"అత్తమ్మా!"

ఆమె ఉలిక్కిపడింది. దొంగతనం దొరికిన చిన్నపిల్లలా లోటాను కొంగు కింద పెట్టుకుంది.

"ఇంక వాసనొస్తుందా? ఎర్రగున్నయా?" అని అడిగాను.

"లేదు బిడ్డా. నీ నీళ్లకు పేరు వెట్టెదేం లేదు. మస్తున్నయి."

"మరెందుకు పారవోస్తున్నరు?"

ఆమె లోటాను కొంగు కింది నుంచి తీసి పక్కన పెట్టింది. ఆవరణ వైపు చూసింది. నేనూ చూశాను. ఆరుగురు హమాలీలు, తరాజు దగ్గర మామయ్య, ఇద్దరు గిరాకీలు. వాళ్లందరి వెనక, అటు కొసన, మూడు మెట్లు.

"తాగినయి లోపల్నే ఉంటయా పిల్లా?" అంది నెమ్మదిగా. "పగటీలి గంత మంది మొగోళ్ల నడుమ నుంచి ఎన్నిమాట్లు వోవాలె? గీ మోకాళ్లతోని ఆ మెట్లెక్కి దిగెటాలకు పాణం వోతది. నాలుగు తాగితె ఎట్లనో ఒకట్ల పొద్దు గుంజుతున్న. ఎనిమిది తాగితె ఎన్నిమాట్లు? నువ్వే జెయ్యి గా లెక్క."

డెబ్బై రెండు అడుగులు. అంకె నా దగ్గరే ఉంది, ఏడాది నుంచీ ఉంది. నీళ్లు లోపలికి పోయే లెక్క అంత శ్రద్ధగా రాసినదాన్ని, బయటికి పోయే దారి ఒక్కసారి కూడా తలచుకోలేదు. నా మోకాళ్లకు అప్పుడు ఇరవై ఒక్కేళ్లు.

"నాకన్న చెప్పొచ్చు గద అత్తమ్మా."

"ఏమని చెప్పాలె? డబ్బాకు ఎనభై చిల్లులు గొట్టితివి, చేతులు పుండ్లాయె. పొద్దుగూకంగనే బుక్కు పట్టుకోని వస్తవు. ఎనిమిది అన్నప్పుడు నీ మొకం ఎట్లుంటదో నీకెరుకనా?"

"ఎనభై ఒక్కటి," అన్నాను. ఏడుస్తూనే అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అత్తమ్మ నా తల మీద చెయ్యి వేసి నవ్వింది. "గదే. పాయింటు నాలుగు."

అసలు కారణం మగవాళ్లకు చెప్పనని ఒట్టు వేయించుకుంది. స్నానానికి చాటు కావాలని మామయ్యను అడిగాను. తాండూరులో రాతికి కొదవా? మే మూడుకల్లా వసారా పక్కనే నాలుగు నాపరాళ్లు నిలబెట్టి, కాలువ తీసి, తలుపు పెట్టారు. వసారా నుంచి ఏడు అడుగులు. ఆ రోజు అత్తమ్మ ఏడు లోటాలు తాగింది, మర్నాడు ఎనిమిది. ఈ రెండూ నేను పక్కన కూర్చుని చూసినవి. ఐదున చలి జ్వరం వచ్చింది.

వికారాబాదు డాక్టరు మొదట అడిగిన ప్రశ్న, నీళ్లు తాగుతున్నారా అని. మామయ్య నా చేతిలోంచి డైరీ తీసుకుని గర్వంగా ఆయన ముందు పెట్టారు. "మా కోడలు రాసింది సార్. రెండు నెలల సంది రోజుకెనిమిది. ఒక్క దినం తప్పలె." మంచం మీద అత్తమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది. డాక్టరు గది దాటాక వెనక పరుగెత్తి, నాలుగేనండీ అని చెప్పాను. ఆయన ఆగి, "నాలుగంటే సగమే కదమ్మా," అన్నాడు. నాకు తెలియని లెక్క కాదు. మార్చి ముప్పై ఒక్క రోజులు, ఏప్రిల్ ముప్పై, మొత్తం అరవై ఒకటి. రోజుకు నాలుగు చొప్పున రెండు వందల నలభై నాలుగు లోటాలు. తొంభై ఏడు లీటర్ల ఆరు వందల మిల్లీలీటర్లు. అంతా కరివేపాకు తాగింది. అవి ఆమె తాగి ఉంటే ఏమయ్యేదో చెప్పే లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మే పదకొండున పోయింది. మర్నాడు మా ఆయన భుజం మీదికి నిజంగానే చిల్లుల కుండ ఎక్కింది. పలకరించడానికి వచ్చిన వాళ్లందరికీ మామయ్య ఒకటే చెప్పేవారు, నీళ్ల లోపం రాకుండా చూసుకుంది మా కోడలు, రాతలో ఉన్నది ఎవరేం చేస్తారు అని. ఆ తర్వాత ఆయన పంతొమ్మిదేళ్లు బతికారు. నేను చెప్పలేదు. నా డైరీల్లో ఎక్కడ ఏ అంకె తప్పినా ఎర్ర సిరాతో కొట్టి సరిదిద్దుతాను. ఆ అరవై ఒక్క ఎనిమిదులను మాత్రం అలాగే ఉంచాను.

ఇది జరిగి నలభై ఏడేళ్లు. ఇప్పుడు వికారాబాదులో మా అబ్బాయి, కోడలితో ఉంటున్నాను. గోడకు నీళ్ల మిషను ఉంది. కంపు లేదు, ఎరుపు లేదు, ఎవరూ స్టూలెక్కనక్కర్లేదు. నా మంచం నుంచి బాత్రూముకు తొమ్మిది అడుగులు. అయినా మోకాళ్లకు ఆ తొమ్మిదీ డెబ్బై రెండే. పోయిన నెల డాక్టరు నన్ను కూడా రోజుకు ఎనిమిది గ్లాసులు తాగమన్నాడు. మా కోడలు ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా, ఫోను చేతిలో పట్టుకుని వచ్చి నిలబడుతుంది. అందులో గుర్తు పెట్టుకుంటుందట.

"ఎన్నయినయి అత్తమ్మా?"

మొన్న బాల్కనీ వైపు చూశాను. కుండీలో కరివేపాకు ఇంత ఎండలోనూ నిగనిగలాడుతోంది. "ఎనిమిది," అన్నాను. తెలిసి తెలిసి నేను చెప్పిన మొదటి తప్పుడు లెక్క అది. పొద్దున్నుంచి ఎండలో తిరిగి వచ్చిన ఆ పిల్ల ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. ఆ ముఖం ఎలా ఉంటుందో అప్పటికి ఎరుకైంది నాకు.

ఆమె లోపలికి వెళ్లాక గోడ పట్టుకుని లేచి ఇంకో గ్లాసు తాగాను. దానితో ఐదు.